పన్నెండు మందిని ఒక్కడని రాశాను

మన తెలుగువాళ్ళ పత్రికలో ఏడాదిగా రిటైరైన పెద్దలంతా వంతులేసుకుని తమ ఉద్యోగ విజయాలు రాస్తున్నారు. అన్నీ చదివాను. ఒకాయన ఒంటిచేత్తో బ్యాంకు కంప్యూటర్లని కాపాడాడు. ఇంకొకాయన లేకపోతే డెట్రాయిట్‌లో కార్లే తయారయ్యేవి కావు. ముప్ఫయ్యేసి ఏళ్ళు పనిచేసి ఒక్కరంటే ఒక్కరు తప్పు చేసినట్టు లేరు! చదివి చదివి ఒళ్ళు మండి ఇది మొదలుపెట్టాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు ఇలాంటివే చదివితే, తప్పు చేసిన రోజున లోకంలో తామొక్కరే చేశామనుకుని దాచేస్తారు. దాచడం ఎంత తేలికో నాకు తెలుసు.

నా సంగతి ముందే చెప్పేస్తాను, రక్తి కట్టించడానికి దాచిపెట్టానని మీరు అనుకోకూడదు. చూపులేని పన్నెండు మంది రోడ్డు మీద దెబ్బ తగలకుండా నడవడానికి వాడుకుంటున్న ఒక చర్చా గ్రూపుని నేను కంప్యూటర్ నెట్‌వర్క్ నుంచి తీసేశాను. తీసేయడమే కాదు, వాళ్ళు దొంగ ఓట్లు వేశారని పదిమందిలో రాశాను. అది తప్పని తెలిశాక దిద్దలేదు. మొదటి రెండూ తెలియక చేసినవి. మూడోది తెలిసి చేసింది.

నేను చదివింది పదో తరగతి. తెనాలిలో రేడియో రిపేరు షాపులో పనిచేసేవాణ్ణి. అక్క స్పాన్సర్ చేస్తే ముప్ఫై దాటాక ఈ దేశం వచ్చాను. ఒక కాలేజీలో కంప్యూటర్ గది తుడిచే పని దొరికింది. అక్కడ పారేసిన మాన్యువల్స్ ఇంటికి తెచ్చుకుని, అర్థమయ్యేదాకా ఒక్కో పేజీ పదిసార్లు చదివాను. ఏ మాస్టారూ నాకు చెప్పలేదు, ఏ యూనివర్సిటీ నాకు కాగితం ఇవ్వలేదు. ఈ మాట జీవితమంతా గర్వంగా చెప్పుకున్నాను. ఆ గర్వమే ఈ కేసులో ముద్దాయి, అందుకని మీకు ముందే పరిచయం చేస్తున్నాను.

రెండువేల మూడో నాలుగో సంవత్సరం నాటికి నేను న్యూజెర్సీలో, పిస్కాటవేకి పది నిమిషాల దూరంలో, ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో ఉన్నాను. టైర్ల షాపు పైన మూడు గదులు, పదిమంది మనుషులు. చుట్టుపక్కల ఐదారు ఊళ్ళకి టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళం. దాంతో పాటు మా సొంత చర్చా గ్రూపులు ఓ అరవై నడిపేవాళ్ళం. ఇప్పుడు మీ ఫోన్లలో ఉన్న గ్రూపులకి అవి తాతలనుకోండి. బొమ్మల్లేవు, ఉత్త అక్షరాలు. ఒక విషయానికి ఒక గ్రూపు. పాత సామాన్లకొకటి, కుక్కలకొకటి, స్కూళ్ళకొకటి. అందులో ఒకరు రాసి వేస్తే, తెరిచినవాళ్ళంతా చదువుకోవచ్చు, జవాబు రాయవచ్చు. వాటిని చూసుకునేది నేను.

అప్పటికే జనం వాటిని వదిలి రంగురంగుల వెబ్‌సైట్లకి వెళ్ళిపోతున్నారు. ఒకరోజు మా మేనేజరు నా టేబుల్ దగ్గరికి వచ్చింది. అరవై దగ్గరపడ్డ తెల్లావిడ, మాటలో నాన్చుడు ఉండదు.

"ఈ గ్రూపుల్లో సగం చచ్చిపోయి ఉన్నాయి. తీసెయ్" అంది.

"అలా ఊరికే తీసేయకూడదు. ఓటు పెట్టాలి."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"మనకంటే ముందు ఈ నెట్‌వర్క్ నడిపినవాళ్ళు."

"వాళ్ళెవరైనా ఇక్కడ పనిచేస్తున్నారా?"

"లేదు."

"అయినా పెడతావు."

"పెడతాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "నీ ఓపిక. నెలాఖరుకి నాకు లిస్టు ఇవ్వు" అని వెళ్ళిపోయింది.

చూశారా, నేను ప్రజాస్వామ్యం పక్షాన నిలబడ్డాను! ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను, చదువుకున్న మేనేజరుకి తెలియని ధర్మం నాకు తెలుసని. మేనేజరు మాట విని ఊరికే తీసేసి ఉంటే అది ఒక గ్రూపు పోవడంతో సరిపోయేది. పద్ధతి ప్రకారం చేస్తానని పట్టుబట్టి మనుషుల పరువు కూడా తీశాను.

ఆ పద్ధతి ఏమిటంటే, గ్రూపు తీసేస్తామని అందులోనే నోటీసు వేయాలి. మూడు వారాలు గడువు. ఉంచమనేవాళ్ళు, తీసేయమనేవాళ్ళు పేరుతో సహా మెయిల్లో ఓటు పంపాలి. మా దగ్గర, ఉంచమని పది ఓట్లు వస్తే గ్రూపు బతికినట్టు. ఒక మెయిల్ అడ్రసుకి ఒకటే ఓటు. ఆఖర్న ఎవరు ఎటు ఓటు వేశారో పేర్లన్నీ బయటపెట్టాలి, చెల్లని ఓట్లు ఎందుకు చెల్లలేదో కారణంతో సహా అడుగున రాయాలి. ఇలా ఓట్లు లెక్కపెట్టేవాళ్ళం దేశంలో అక్కడక్కడా కొందరం ఉండేవాళ్ళం. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఫలితాలన్నీ ఒక ఉమ్మడి గ్రూపులో వేసేవాళ్ళం. అది వందల కంప్యూటర్లకి కాపీ అయ్యేది. ఒకసారి అందులో పడిందంటే వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

మా అరవై గ్రూపుల్లో ఒకటి నడక గురించి. సాయంత్రం షికార్లకి వెళ్ళేవాళ్ళ కోసం ఎప్పుడో ఎవరో పెట్టారు. షికార్లవాళ్ళు పోయారు. అందులో మిగిలిన రాతలు ఇలా ఉండేవి:

"బేకరీ వాసన వదిలాక పదకొండు అడుగులు. ఎడమ పక్కన గొయ్యి తవ్వారు. రేకు అడ్డం పెట్టారు, తగిలితే ఖంగుమంటుంది."

"బ్యాంకు మూల దగ్గర సిగ్నల్ మూడు రోజులుగా కూత పెట్టట్లేదు. అక్కడ దాటకండి."

"చర్చి గంట కుడి చెవిలో వినపడుతుంటే మీరు సరైన వైపే ఉన్నారు."

పన్నెండు పేర్లతో వచ్చేవి. ఒకరు విసుక్కుంటూ రాస్తారు, ఒకరు జోకులేస్తారు, ఒకరు ప్రతిదానికీ థాంక్స్ చెబుతారు. వచ్చేది మాత్రం ఒకే మెయిల్ అడ్రసు నుంచి. అది కూడా పేరు కాదు, రెండు అక్షరాలు, నాలుగు అంకెలు.

గ్రూపుకి ఎంతమంది మనుషులున్నారో లెక్కతీసే ప్రోగ్రాం ఒకటి నేను సొంతంగా రాశాను. అడ్రసుని బట్టి మనిషిని లెక్కపెడుతుంది. నడక గ్రూపు దగ్గర అది చూపించిన సంఖ్య ఒకటి. నా ప్రోగ్రాం మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. అంచేత ఎవడో మతి చలించినవాడు పన్నెండు పేర్లు పెట్టుకుని, తనే రాసి, తనే జవాబిచ్చుకుని, తనకి తనే థాంక్స్ చెప్పుకుంటున్నాడని తేల్చేశాను.

నా పక్క టేబుల్ మీద కరీంనగర్ అబ్బాయి ఉండేవాడు. అబ్బాయంటే ముప్ఫై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లల తండ్రి, ఎం.సి.ఎ. చదివాడు. మా ఇద్దరికీ పొద్దున కాఫీతో పాటు ఆ గ్రూపే కాలక్షేపం.

"అన్నా, మనోడు మళ్ళ లెక్కవెట్టిండు. ఇయ్యాల పోస్టాఫీస్ కాడ ఇర్వై రెండు అడుగులట."

"నిన్న పంతొమ్మిది అన్నాడుగా?"

"అది ఇంకో పేరుతోని. గాయన పొడుగుంటడేమో, పెద్ద పెద్ద అడుగులు!"

ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆ రాతల్లో ఎక్కడా 'చూశాను' అన్న మాట లేదు. వాసన ఉంది, చప్పుడు ఉంది, అడుగుల లెక్క ఉంది. నెలల తరబడి చదివినవాణ్ణి, నాకు తట్టలేదు. జనం రాసింది అర్థం చేసుకోవడానికి కాక నవ్వుకోవడానికి చదివితే అంతే తడుతుంది.

ఓటింగ్ మొదలైంది. నడక గ్రూపుని ఉంచమని పన్నెండు ఓట్లు వచ్చాయి. పన్నెండు పేర్లు, ఒకే అడ్రసు. కరీంనగర్ అబ్బాయి నా స్క్రీన్‌లోకి వంగి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"అన్నా, పి.పి. నంబర్ లెక్కనేమో?"

మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. మన వైపు ఫోన్లు అరుదుగా ఉన్న రోజుల్లో వీధిలో ఒక్క ఇంట్లోనో కొట్లోనో ఫోన్ ఉండేది. వీధి వీధంతా ఆ నంబరే తమ నంబరుగా ఇచ్చి, పక్కన పి.పి. అని రాసేవాళ్ళు. తెనాలిలో మాది మందుల కొట్టు నంబరు. నా పెళ్ళి సంబంధం ఆ నంబరు మీదే కుదిరింది. అక్క అమెరికా నుంచి ఆ నంబరుకే ఫోన్ చేసేది. పదిహేను కుటుంబాలకి ఒకే నంబరు. ఏ టెలిఫోన్ ఆఫీసువాడూ వచ్చి మీ పదిహేను కుటుంబాలూ ఒకే మనిషి అనలేదు.

అటువంటి ఇంట్లో పుట్టిన నేను ఏమన్నానో తెలుసా?

"ఇది అమెరికా అయ్యా. ఇక్కడ పి.పి. నంబర్లు ఉండవు. రూలు రూలే."

"ఒక మెయిల్ కొట్టి అడుగరాదె. ఏం పోతది?"

"నువ్వు నీ పని చూసుకో."

అయినా ఒక మెయిల్ పంపాననుకోండి. అడగడానికి కాదు, దొంగ దొరికాడని చెప్పడానికి. మర్నాడు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. వయసు మళ్ళిన ఆడ గొంతు, నల్లజాతి వాళ్ళ యాస, ఒక్కో మాటా విడివిడిగా, శుభ్రంగా పలుకుతోంది.

"సర్, మా ఓట్ల గురించి రాసింది మీరేనా?"

"నేనే. మీరు ఆ పన్నెండు మందిలో ఎన్నోవారు?"

"ఏడోదాన్ని. మీ లిస్టులో వరస వేరేగా ఉంటే నాకు తెలియదు."

"ఎనిమిదో ఆయన్ని కూడా ఓసారి పిలవండి, గొంతు వింటాను."

"ఆయన బస్సులో ఉన్నాడు."

"తొమ్మిదో ఆయన?"

"సర్, మీరు నాతో వేళాకోళం ఆడుతున్నారు. మేం పన్నెండు మందిమి. ఆ మాట చెప్పడానికే చేశాను. మీరు వచ్చి చూడవచ్చు."

"గొంతు మార్చడం బాగా వచ్చు మీకు" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, గదిలో అందరికీ వినిపించేలా ఆ సంభాషణ నటించి చూపించాను. నవ్వారు. కరీంనగర్ అబ్బాయి మాత్రం మానిటర్ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఫలితాలు వేసే రోజు వచ్చింది. మామూలుగా చెల్లని ఓట్ల పక్కన 'అడ్రసు రెండోసారి' అని రాస్తే సరిపోతుంది. నేను అలా రాయలేదు. పన్నెండు పేర్లూ వరసగా వేసి, ఒకదాన్ని ఉంచి, పదకొండింటి పక్కన 'మోసం' అని రాశాను. కింద ఇంకో పేరా కట్టాను. ఒకే మనిషి పన్నెండు ముసుగులు వేసుకుని ఎలా వచ్చాడో, నా ప్రోగ్రాం వాణ్ణి ఎలా పట్టిందో వర్ణించాను. మంచి ఇంగ్లీషు పడింది, నాకే ముచ్చటేసింది. ఉమ్మడి గ్రూపులో వేశాను. తర్వాత నడక గ్రూపుని తీసేసే కమాండ్ కొట్టాను. ఒక్క లైను. మూడేళ్ళ రాతలు అరనిమిషంలో పోయాయి. నెల తిరిగేలోపు ఆ డిస్కు మీద వేరేవి ఎక్కించేశాం.

ఫలితాలు వేసిన రెండో రోజున, ఓట్లు లెక్కపెట్టేవాళ్ళందరికీ పెద్దలాంటి ఒకాయన నాకు జవాబు రాశాడు. ఎక్కడో పెద్ద యూనివర్సిటీలో డాక్టరేట్ చేసినవాడు. "నేను చూసిన వాటిల్లో ఇంత శ్రద్ధగా చేసిన లెక్కింపు ఇంకోటి లేదు" అన్నాడు. పదో తరగతి వాణ్ణి, డాక్టరేట్ ఆయన మెచ్చుకున్నాడు! ప్రింట్ తీసి టేబుల్ ముందు గోడకి అంటించాను.

మూడు వారాల తర్వాత పోస్టులో కంపెనీకి ఉత్తరం వచ్చింది. రాసింది పక్క ఊరి లైబ్రరీలో పనిచేసే ఆవిడ. వాళ్ళ దగ్గర చూపులేని పాఠకుల కోసం తెర మీది అక్షరాలని చదివి వినిపించే కంప్యూటర్ ఒకటే ఉంది. దానికి ఒకటే మెయిల్ అడ్రసు. రోజూ ఎవరో ఒకరు వచ్చి, ఆ ఊళ్ళో ఏ దారి తవ్వారో, ఏ బస్‌స్టాప్ మారిందో విని, తాము తెలుసుకున్నది రాసి వెళ్తుంటారు. కొత్త వెబ్‌సైట్లలో బొమ్మలుంటాయి, లోపలికి పోవాలంటే వంకర అక్షరాలు గుర్తుపట్టి కొట్టాలి, అవి ఆ కంప్యూటర్ చదవలేదు. అందుకని వాళ్ళకి ఆ పాత గ్రూపు ఒక్కటే దారి. మోసం అని రాసినందుకు వాళ్ళు చాలా బాధపడ్డారు. ఇదీ ఉత్తరం. కింద పన్నెండు సంతకాలు. కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఒకటి కాగితం అంచు దాటిపోయి సగమే ఉంది.

ఆ ఉత్తరాన్ని కరీంనగర్ అబ్బాయి ముందు పెట్టాను. చదివి మడిచి ఇచ్చేశాడు. "నేను జెప్తనే ఉన్న" అనలేదు. అని ఉంటే బాగుండేది.

శనివారం డ్రైవ్ చేసుకుంటూ ఆ లైబ్రరీకి వెళ్ళాను. కింది అంతస్తులో చిన్న గది. నలుగురున్నారు. "హలో" అన్నాను, అంతే. మూలన కుర్చీలో కూర్చున్నావిడ తల ఎత్తింది. "ఎనిమిదో ఆయన కావాలన్నారుగా, ఇడుగో" అని పక్కాయన్ని చూపించింది.

ఆవిడ గొంతు నాకూ గుర్తే. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైందని తర్వాత తెలిసింది. పక్కాయన పియానోలు శ్రుతి చేస్తాడట. మోకాలికి కట్టు ఉంది. నేను గ్రూపు తీసేసిన రెండో వారంలో బ్యాంకు మూల దగ్గర కొత్తగా తవ్విన కాలవలో పడ్డాడు.

"దెబ్బ బాగా తగిలిందా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"నాకెలా తగులుతుంది? మీ లెక్క ప్రకారం నేను లేనుగా" అన్నాడాయన. గదిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నేను తప్ప.

కుర్చీ ఇచ్చారు, కాఫీ ఇచ్చారు. తిట్టేస్తే తల వంచుకుని పడి వచ్చేద్దామని ప్రిపేర్ అయి వెళ్ళాను, వాళ్ళు తిట్టలేదు. నేనే ఉండబట్టలేక ఆవిడని అడిగాను.

"ఫోన్ చేసిన రోజున చూపులేదని ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఎందుకు చెప్పాలి? మీ రూలులో ఓటు వేయడానికి కళ్ళుండాలని ఉందా?"

"లేదు."

"మరి? గుడ్డిదాన్ని, దయచూపించండి అని ఓటు అడుక్కోవాలా? పన్నెండు మందిమి అని చెప్పాను. అది చాలదా?"

చాలు. గ్రూపు సోమవారమే తిరిగి పెడతానన్నాను. పాత రాతలు తిరిగి రావని కూడా చెప్పాల్సి వచ్చింది. మూడేళ్ళ పాటు వీధి వీధీ నడిచి లెక్కపెట్టిన అడుగులు. పియానో ఆయన, "పోనీలెండి, మళ్ళీ నడుస్తాం" అన్నాడు.

ఆవిడ మాత్రం అంతటితో వదల్లేదు.

"ఆ లిస్టు ఇంకా ఉందటగా? వేరే కంప్యూటర్లలో."

"ఉంది. దాన్ని తీయలేం."

"తీయక్కర్లేదు. నా పేరు పక్కన మోసం అని ఉంది. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరి మాటలూ నా చెవి పక్కనుంచి పోయాయి, ఒక్కటి బయటపెట్టలేదు. నన్ను మోసగత్తె అన్నవాళ్ళు లేరు. తప్పు మీదేనని అదే చోట రాయండి. ఎవరైనా నా పేరు వెతికితే రెండూ కనపడాలి. నాకు అంతకన్నా ఏమీ వద్దు."

"ఈ వారంలో రాస్తాను" అన్నాను.

ఆవిడ చెయ్యి చాపింది. నా చెయ్యి ఇచ్చాను. ఒప్పందం అయిపోయింది.

సోమవారం మేనేజరుకి అంతా చెప్పాను. గ్రూపు తిరిగి పెట్టడానికి ఒప్పుకుంది. దిద్దుబాటు సంగతి ఎత్తగానే, "కంపెనీ పేరు మీద వద్దు. లాయర్లతో నాకు గొడవ" అంది. ఇక్కడ నేను తప్పంతా ఆవిడ మీదికి తోసేసి కథ ముగించవచ్చు. పత్రికలో మిగతా పెద్దలైతే అదే చేసేవారు. కానీ ఆవిడ ఇంకో మాట కూడా అంది. "నీ సొంత పేరుతో, ఇంటి నుంచి రాసుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

రాయడానికి కూర్చున్నాను. ఐదు లైన్లు. తప్పు నాది, ఆ పన్నెండు ఓట్లూ నిజమైనవి, వాళ్ళకి క్షమాపణలు. రాయడం అయిపోయింది. పంపాలి. అప్పుడు డాక్టరేట్ ఆయన గుర్తొచ్చాడు. ఇది చదివి ఆయన ఏమనుకుంటాడు? మెయిల్ అడ్రసుని మనిషి అనుకున్న మొద్దు, చదువులేనివాడు కదా, అందుకే, అనుకుంటాడు. ఆయన నాకు ఏమీ కాడు. మొహం చూడలేదు, తర్వాత ఎప్పుడూ చూడబోను. ఆయన దృష్టిలో చిన్నబోవడం ఇష్టం లేక ఒక ముసలావిడ పేరు పక్కన 'మోసం' అన్న మాటని అలాగే ఉండనిచ్చాను. ఉద్యోగం పోతుందనీ కాదు, ఎవరో బెదిరించారనీ కాదు. రేపు పంపుదాం అనుకున్నాను. తర్వాత వారం అనుకున్నాను.

తర్వాత సోమవారం ఆ ముసలావిడ ఫోన్ చేసింది. "పనిలో ఉన్నాను, రాస్తాను" అన్నాను. ఆపై సోమవారం మళ్ళీ చేసింది. "సగం రాశాను" అన్నాను. మూడో సోమవారం నంబరు చూసి ఎత్తలేదు. నాలుగోసారి ఫోన్ మోగుతుంటే కరీంనగర్ అబ్బాయితో, "నువ్వు ఎత్తి, నేను మీటింగ్‌లో ఉన్నానని చెప్పవయ్యా" అన్నాను.

"నేను జెప్ప."

"ఒక్క మాటేగా."

"లైబ్రరీల కూసోని కంప్యూటర్ చదివి వినిపిస్తే వినెటోళ్ళకు అబద్ధం జెప్పుమంటవా అన్నా? నాతోని కాదు. నువ్వే ఎత్తు."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఇంకో రెండు సోమవారాలు మోగింది. ఆ తర్వాత లేదు.

ఆ అబ్బాయి నన్ను అన్నా అని పిలవడం అదే ఆఖరు. మర్నాటి నుంచి 'సర్' అన్నాడు. ఎంతో మర్యాదగా, అడిగిన పని చేసి పెడుతూ, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొత్త ఉద్యోగం దొరికి వెళ్ళిపోయేదాకా సర్ అనే అన్నాడు. వెళ్ళే రోజు కేక్ కట్ చేశాం. నాకో ముక్క పెట్టి "థాంక్యూ సర్" అన్నాడు.

తిరిగి పెట్టిన గ్రూపు ఏడాది కూడా బతకలేదు. కంపెనీని ఇంకొకరు కొనుక్కున్నారు, గ్రూపులన్నీ ఒక్కసారే మూసేశారు. ఓట్లూ లేవు, నోటీసూ లేదు. నేను ఎదురుచెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాను? ఉమ్మడి గ్రూపు కూడా పోయింది. పాత కాపీలు మాత్రం ఎవరెవరి కంప్యూటర్లలోనో ఉన్నాయి. మొన్న కూడా వెతికి చూశాను. నా మంచి ఇంగ్లీషు పేరా చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద జవాబు రాసే వీలు ఇప్పుడు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను: ఆ పన్నెండు ఓట్లూ చెల్లుతాయి, మోసం ఎవరూ చేయలేదు, నడక గ్రూపు గెలిచింది. ఆ పన్నెండు మందిలో ఎవరూ దీన్ని చదవలేరని నాకు తెలుసు. తెలుగులో రాశాను కాబట్టి మాత్రమే ఇంత ధైర్యంగా రాస్తున్నానేమో, అదీ నాకు తెలియదు.

అంతటితో ఆపుదామనుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది.

నేను రిటైరైన రెండేళ్ళకి, అదే లైబ్రరీ ఊళ్ళో, మా ఆవిడ మందుల కోసం ఫార్మసీకి వెళ్ళాను. కారు దిగుతుంటే ఎదురుగా బస్‌స్టాప్ స్తంభం పక్కన ఆ టెలిఫోన్ ఆపరేటరావిడ నిలబడి ఉంది. బాగా వంగిపోయింది. చేతిలో తెల్ల కర్ర. స్తంభానికి కాగితం అంటించి ఉంది: ఈ స్టాప్ పనిచేయదు, బస్సు రెండు వీధుల అవతల ఆగుతుంది. నేను చదువుతుండగానే బస్సు వచ్చింది. చప్పుడు విని ఆవిడ చెయ్యి ఎత్తింది. బస్సు ఆగకుండా వెళ్ళిపోయింది. చెయ్యి ఇంకా పైనే ఉంది.

నా బూట్ల చప్పుడు విన్నట్టుంది. నా వైపు తిరిగి, "అక్కడెవరైనా ఉన్నారా? బస్సు ఎందుకు ఆగలేదో చెబుతారా?" అంది.

చెప్పాల్సింది రెండు ముక్కలు. నోరు తెరిచాను. మాట్లాడితే గొంతు గుర్తుపడుతుంది. మూసేశాను. చప్పుడు కాకుండా పక్కకి నడిచి ఫార్మసీలోకి వెళ్ళాను.

అక్కడ మందులిచ్చే ఫార్మసిస్టు మన తెలుగమ్మాయే, ఇక్కడే పుట్టి పెరిగింది. నేను వెళితే ముచ్చటపడి వచ్చీరాని తెలుగులో మాట్లాడుతుంది. ఆ అమ్మాయితో, "బయట ఒకావిడ నిలబడింది, ఆవిడకి కనపడదు. స్టాప్ మార్చారని చెప్పి, కొంచెం చూపించి రామ్మా" అన్నాను. పాపం, తెల్ల కోటుతోనే పరిగెత్తింది. అద్దంలోంచి చూశాను. చెప్పింది. ఆవిడ ఏదో అడిగింది. ఈ పిల్ల లోపలికి వేలు చూపించింది, అది ఆవిడకి కనపడదని మర్చిపోయి. ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. ఈ పిల్ల ఒక్క నిమిషం అన్నట్టు ఆవిడ భుజం తట్టి, నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఆంటీ అడుగుతుంది, ఎవరు పంపారు అని. ఒక ఇండియన్ అంకుల్ అన్నాను. మరి తను ఎందుకు చెప్పలేదు, అక్కడే నిలబడ్డాడు కదా అని అడుగుతుంది. వాట్ డు ఐ టెల్ హర్?"

"ఆయనకి ఇంగ్లీషు రాదని చెప్పమ్మా."

"బట్ అంకుల్, మీకు వచ్చు కదా!"

"రాదని చెప్పు" అన్నాను.